పుడుతున్న నక్షత్రాల దూరాన్ని రేడియోతో కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం రాత్రుల్లో విజయవాడలోనో గుంటూరులోనో పిల్లలకు ఆకాశం చూపిస్తూ మృగశిర దగ్గర, ఓరియన్ నెబ్యులా అనే వాయుమేఘం మీద బైనాక్యులర్స్ ఆపగానే వచ్చే మొదటి మాట "అది ఎంత దూరం సార్?" 1,265 కాంతి సంవత్సరాలు అని చెబితే ఇప్పటి పిల్లలు ఊరుకోరు. "అంత కచ్చితంగా ఎలా చెబుతారు? ఎవరు వెళ్లి కొలిచారు?" అని నిలదీస్తారు. నాకు ఆ ప్రశ్న చాలా ఇష్టం. ఖగోళశాస్త్రంలో ఏ అంకెనైనా నమ్మేముందు అలా అడగాల్సిందే. పిల్లలు, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులు, కొందరు ఉపాధ్యాయులు మళ్లీ మళ్లీ అడిగినవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అసలు ఏ నక్షత్రాల గురించి ఈ గొడవంతా?

పుట్టి ఇంకా కొన్ని లక్షల ఏళ్లో, కొన్ని పదుల లక్షల ఏళ్లో మాత్రమే అయిన నక్షత్రాల గురించి. మన సూర్యుడి వయసు సుమారు 460 కోట్ల ఏళ్లు. దానితో పోలిస్తే ఇవి పురిటి బిడ్డలే. చల్లటి వాయువు, ధూళి నిండిన పెద్ద పెద్ద మేఘాల లోపల ఇవి పుడతాయి. చాలావరకు ఇంకా ఆ మేఘాల్లోనే ఉన్నాయి.

మనకు దగ్గర్లో ఉన్న అలాంటి మేఘాల చోటు గుర్తుపట్టడం కష్టం కాదు. కృత్తికలకు తూర్పుగా, రోహిణికి ఉత్తరంగా వృషభరాశి మేఘం ఉంది. ఎర్రగా మెరిసే జ్యేష్ఠ పక్కనే ఓఫియూకస్ మేఘం ఉంది. మృగశిర ఉన్న ఓరియన్ నక్షత్రమండలంలో నడుము దగ్గర వరుసగా కనిపించే మూడు నక్షత్రాలకు కిందుగా ఓరియన్ నెబ్యులా ఉంది. సర్పెన్స్, పెర్సియస్ మేఘాలు కూడా ఈ జాబితాలోవే. వీటిలో ఓరియన్ నెబ్యులా ఒక్కటే బైనాక్యులర్స్‌లో తెల్లటి పొగమరకలా తేలిగ్గా కనిపిస్తుంది. మిగతావి చీకటి మేఘాలు. వాటి వెనకున్న నక్షత్రాలు కనపడకపోవడాన్ని బట్టే అవి అక్కడున్నాయని తెలుస్తుంది.

రోహిణి, మృగశిర అంటే పంచాంగంలో చెప్పేవేనా?

అవే. రోహిణి కార్తె అంటే సూర్యుడు ఆకాశంలో రోహిణి ఉన్న వైపు ఉండే రోజులు. అందుకే రోళ్లు పగిలే ఆ ఎండల్లో రోహిణి నక్షత్రం మనకు కనపడదు. ఈ కార్తెల సంగతి కింద మళ్లీ అవసరపడుతుంది.

దూరం కొంచెం అటూ ఇటూ అయితే ఏం పోయింది?

చాలా పోతుంది. నా ఉద్దేశంలో ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

నక్షత్రం నుంచి మనకు అందే వెలుగును కొలవగలం. కానీ అది నిజంగా ఎంత వెలుగు ఇస్తోందో తెలియాలంటే ఆ వెలుగును దూరం వర్గంతో హెచ్చించాలి. అంటే దూరంలో జరిగిన తప్పు వెలుగు లెక్కలో ఇంకా పెద్దదవుతుంది. సర్పెన్స్ మేఘాన్నే చూడండి. చాలా ఏళ్లపాటు దాన్ని 260 పార్సెక్‌ల దూరంలో ఉందనుకుని లెక్కలు కట్టారు. ఒక పార్సెక్ అంటే 3.26 కాంతి సంవత్సరాలు. రేడియో తరంగాలతో, పారలాక్స్ అనే పద్ధతిలో (దాని సంగతి కింద చెబుతాను) కొలిస్తే అది 436 పార్సెక్‌లని తేలింది. 436ను 260తో భాగించి వర్గం చేస్తే 2.8 వస్తుంది. అంటే అక్కడి నక్షత్రాలన్నీ మనం అనుకున్నదానికంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ వెలుగు ఇస్తున్నాయి. మేఘంలోని వాయువు బరువు కూడా అదే లెక్కన పెరిగింది.

వయసూ మారిపోతుంది. చిన్న నక్షత్రం పుట్టిన కొత్తలో ఉబ్బి, ఎక్కువ వెలుగుతో ఉంటుంది. వయసు వచ్చేకొద్దీ కుంచించుకుపోతూ మసకబారుతుంది. కాబట్టి వెలుగు ఎక్కువని తేలితే అది మనం అనుకున్నదానికన్నా చిన్న వయసుది, తక్కువని తేలితే పెద్ద వయసుది. ఓరియన్‌లో ఈ రెండోదే జరిగింది. 1981లో నీటి మేసర్ల (నీటి అణువులు బలమైన రేడియో తరంగాలు పంపే చోట్ల) కదలికను బట్టి దాని దూరం 480 పార్సెక్‌లు, 80 అటూ ఇటూ అన్నారు. ఇప్పుడది 388. వెలుగు లెక్కలో మూడో వంతు తగ్గింది, నక్షత్రాల వయసు పెరిగింది. నక్షత్రం చుట్టూ ఉండే ధూళి పళ్లెంలో గ్రహాలు తయారవడానికి ఎంత కాలం పడుతుందన్న లెక్క కూడా ఈ వయసుల మీదే ఆధారపడి ఉంది. దూరం తప్పితే వరసగా అన్నీ తప్పుతాయి.

పారలాక్స్ అంటే ఏమిటి? మా అబ్బాయి ఫార్ములా అప్పజెబుతాడు గానీ, అడిగితే చెప్పలేకపోతున్నాడు.

ప్రకాశం బ్యారేజీ మీదికి తీసుకెళ్లండి. నడుస్తూ ఎగువకు చూడమనండి. నీళ్లలో ఆగి ఉన్న పడవ, దూరంగా ఉన్న భవానీ ద్వీపం చెట్ల ముందు నుంచి మెల్లగా పక్కకు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. పడవ కదల్లేదు, మనం కదిలాం. మనం నడిచిన దూరం తెలిసి, పడవ జరిగినట్టు కనిపించిన కోణం తెలిస్తే, తాడు కట్టకుండానే పడవ ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చు.

నక్షత్రాల విషయంలో మన బదులు భూమి నడుస్తుంది. సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఆరు నెలల్లో 30 కోట్ల కిలోమీటర్లు అవతలికి చేరుతుంది. అంతలో దగ్గరి నక్షత్రం, దూరపు వాటి ముందు కాస్త పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. ఆ జరుగుడులో సగాన్ని పారలాక్స్ అంటారు. అది ఒక ఆర్క్‌సెకను ఉంటే దూరం ఒక పార్సెక్, అందులో సగం ఉంటే రెండు పార్సెక్‌లు. జర్మనీకి చెందిన బెసెల్ 1838లో 61 సిగ్ని అనే నక్షత్రానికి ఇలా మొదటిసారి నమ్మదగిన దూరం ప్రకటించాడు.

ఈ పద్ధతిలో నక్షత్రం ఎలాంటిదో, ఎంత వెలుగు ఇస్తుందో ముందుగా ఊహించక్కర్లేదు. కేవలం రేఖాగణితం. అందుకే మిగతా పద్ధతులన్నిటికన్నా దీని మాటకు విలువ ఎక్కువ.

కొలవాల్సిన కోణం ఎంత ఉంటుంది?

388 పార్సెక్‌ల దూరానికి పారలాక్స్ సుమారు 2.58 మిల్లీ ఆర్క్‌సెకన్లు. ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే ఒక ఆర్క్‌సెకను. దాన్ని మళ్లీ వెయ్యి భాగాలు చేస్తే మిల్లీ ఆర్క్‌సెకను. చంద్రుడి మీద 5 మీటర్ల పొడవున్న వస్తువు మన కంటి దగ్గర చేసే కోణం దాదాపు ఇంతే. కానీ ఆ కోణాన్ని చూడగలిగితే చాలదు, అందులో తప్పు ఒకటి రెండు శాతానికి మించకూడదు. అంటే 0.05 మిల్లీ ఆర్క్‌సెకన్ల వరకు, వీలైతే అంతకన్నా సన్నగా చూడాలి. చంద్రుడి మీద 10 సెంటీమీటర్ల లోపు అన్నమాట.

పెద్ద టెలిస్కోపుతో మామూలుగా చూసి కొలవలేరా? గయా ఉపగ్రహం కోట్ల నక్షత్రాల దూరాలు కొలిచిందట కదా?

కొలిచింది, అద్భుతంగా కొలిచింది. ఐరోపా వాళ్లు 2013 డిసెంబరులో ప్రయోగించిన గయా 2025 దాకా పనిచేసింది. వంద కోట్లకు పైగా నక్షత్రాల పారలాక్స్‌లు ఇచ్చింది. మేఘం బయటికి వచ్చేసిన నక్షత్రాల విషయంలో ఇప్పుడు అదే ప్రధాన ఆధారం.

అయితే గయా చూసేది కంటికి కనిపించే వెలుగునే. మనకు కావలసిన నక్షత్రాల్లో చాలా భాగం ధూళి లోపల ఉన్నాయి. ఆ ధూళిని దాటి మామూలు వెలుగు బయటికి రాదు, సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న రేడియో తరంగాలు మాత్రం ఏమీ అడ్డు లేనట్టు వచ్చేస్తాయి. మేఘం నడిబొడ్డున ఉన్న నక్షత్రం దూరం కావాలంటే రేడియోనే దిక్కు.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఏ పరికరానికైనా తన సొంత తేడా కొంచెం ఉంటుంది. గయా పారలాక్స్‌ల్లో మిల్లీ ఆర్క్‌సెకనులో కొన్ని నూరో వంతుల తేడా ఉందని పట్టుకోవడానికి, రేడియోతో విడిగా కొలిచిన ఈ పిల్ల నక్షత్రాలు కూడా పనికొచ్చాయి.

నక్షత్రం రేడియో తరంగాలు ఎందుకు ఇస్తుంది?

పిల్ల నక్షత్రాలు గిర్రున తిరుగుతుంటాయి. వాటి అయస్కాంత క్షేత్రాలు చాలా బలంగా ఉంటాయి. సూర్యుడి మీద వచ్చే సౌరజ్వాలల కన్నా ఎన్నో రెట్లు పెద్ద విస్ఫోటాలు వాటి మీద జరుగుతుంటాయి. ఆ సమయంలో ఎలక్ట్రాన్లు కాంతివేగానికి దగ్గరగా దూసుకుపోతూ అయస్కాంత రేఖల చుట్టూ చుట్టుకుంటాయి. అప్పుడు వెలువడేవే ఈ రేడియో తరంగాలు. నక్షత్రానికి బాగా దగ్గర్లో, చాలా చిన్న చోటు నుంచి వస్తాయి కాబట్టి అంత సన్నటి కొలతకు పనికొస్తాయి.

ఇందులో టెన్షన్ పెట్టే విషయం ఒకటుంది. ఈ విస్ఫోటాలు చెప్పి రావు. నెలల ముందు టెలిస్కోపు సమయం సంపాదించి, తీరా ఆ రోజు చూస్తే నక్షత్రం మూగనోము పట్టి కూర్చోవచ్చు. అందుకే చాలా నక్షత్రాలను ఏళ్ల తరబడి వెంటాడాలి.

భారీ నక్షత్రాలు పుట్టే చోట్ల ఇంకో వసతి ఉంది. అక్కడి వాయువులోని నీటి అణువులు, మిథనాల్ అణువులు కొన్ని కచ్చితమైన పౌనఃపున్యాల దగ్గర రేడియో తరంగాలను లేజర్ మాదిరిగా పెంచి పంపిస్తాయి. వీటినే మేసర్లు అంటారు. నీటి మేసర్ 22 గిగాహెర్ట్జ్ దగ్గర, మిథనాల్ మేసర్ 6.7, 12.2 గిగాహెర్ట్జ్ దగ్గర దొరుకుతాయి.

అంత సన్నగా చూసే టెలిస్కోపు ఎక్కడుంది?

ఒక చోట లేదు, పది చోట్ల ఉంది. అమెరికాలోని వీఎల్‌బీఏ అనే ఏర్పాటులో 25 మీటర్ల వెడల్పున్న డిష్‌లు పది ఉన్నాయి. పసిఫిక్‌లో హవాయి దీవిలోని మౌనా కియా నుంచి కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రోయ్ దీవి దాకా అవి పరచుకుని ఉంటాయి. ఈ కొసకూ ఆ కొసకూ దాదాపు 8,600 కిలోమీటర్లు. 1993 నుంచి పనిచేస్తోంది. ఈ పదీ కలిస్తే 8,600 కిలోమీటర్ల వెడల్పున్న ఒకే టెలిస్కోపుకు ఉండేంత సూక్ష్మదృష్టి వస్తుంది. జపాన్‌లో వేరా అనే నాలుగు డిష్‌ల ఏర్పాటు కూడా ఇదే పని కోసం కట్టారు.

ఒక పూట పని ఎలా జరుగుతుందో చూడండి. పది డిష్‌లూ ముందు నక్షత్రానికి పక్కనే కనిపించే ఒక క్వేసార్ (చాలా దూరపు గెలాక్సీ నడిబొడ్డున మెరిసే చోటు) వైపు తిరుగుతాయి. క్వేసార్ వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది కాబట్టి కదలని గుర్తుగా పనికొస్తుంది. ఆ తర్వాత నక్షత్రం వైపు, మళ్లీ క్వేసార్ వైపు. కొన్ని నిమిషాలకోసారి ఇలా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. ప్రతి డిష్ దగ్గర హైడ్రోజన్ మేసర్ అణు గడియారం ఉంటుంది. వచ్చిన సంకేతం మీద అది సమయం ముద్ర వేస్తుంది, అదంతా డిస్కుల్లోకి ఎక్కుతుంది. ఆ డిస్కులను న్యూమెక్సికోలోని సొకోరోకు పంపిస్తారు. అక్కడి కోరిలేటర్ పది సంకేతాలనూ సమయం ప్రకారం జతచేస్తుంది. చివరికి తెరమీద కనిపించేది ఒక చిన్న చుక్క. అందంగా ఏమీ ఉండదు. కావలసింది ఆ చుక్క క్వేసార్‌కు ఎంత దూరంలో, ఏ దిక్కున ఉందన్న రెండు అంకెలు మాత్రమే.

మబ్బులు, తేమ అడ్డు రావా?

రేడియో తరంగాలను మబ్బు ఆపలేదు గానీ, గాలి ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యమే ఈ పనిలో అసలు శత్రువు. 8,000 కిలోమీటర్ల ఎడంగా ఉన్న రెండు డిష్‌లకు, 0.05 మిల్లీ ఆర్క్‌సెకన్ల కోణం తెచ్చే తేడా కేవలం 2 మిల్లీమీటర్లు. ఒక డిష్‌కు తరంగం ఆ 2 మిల్లీమీటర్లు ఆలస్యంగా చేరుతుంది. అదే సమయంలో నెత్తిమీద నుంచి వచ్చే తరంగానికి పొడి గాలి ఒక్కటే దాదాపు 2.3 మీటర్ల అదనపు దారికి సమానమైన ఆలస్యం తెస్తుంది. గాలిలోని నీటి ఆవిరి మరి కొన్ని సెంటీమీటర్ల నుంచి కొన్ని పదుల సెంటీమీటర్ల దాకా కలుపుతుంది. పొడి గాలిది లెక్క కట్టొచ్చు. ఆవిరి మాత్రం నిమిషనిమిషానికీ మారుతుంది. మన కృష్ణాతీరంలో ఆగస్టు నెల ఉక్కపోత తెలిసినవాళ్లకు, ఈ డిష్‌లను ఎత్తైన, పొడిగా ఉండే చోట్ల పెట్టడానికి ఎందుకు తాపత్రయపడతారో వేరే చెప్పక్కర్లేదు.

క్వేసార్ వైపు మాటిమాటికీ తిరగడం కూడా ఇందుకే. పక్కపక్కనే కనిపించే రెండింటికీ గాలి తెచ్చే ఆలస్యం దాదాపు ఒకటే కాబట్టి, ఒకదాన్లోంచి ఇంకోటి తీసేస్తే చాలావరకు కొట్టుకుపోతుంది. క్వేసార్ ఎంత దగ్గరగా దొరికితే అంత మేలు.

ఏడాదిలో ఎప్పుడు చూస్తారు? రెండుసార్లు చాలా?

ఓరియన్‌కైతే సుమారుగా ఉగాది రోజుల్లో ఒకసారి, వినాయక చవితి రోజుల్లో ఒకసారి చూడటం అన్నిటికన్నా లాభం. మృగశిర కార్తెలో, అంటే జూన్ మధ్యలో, సూర్యుడు ఓరియన్ వైపు ఉంటాడు. దానికి మూడు నెలలు ముందు, మూడు నెలలు తర్వాత భూమి సూర్యుడికి చెరోవైపున ఉంటుంది. నక్షత్రం జరిగినట్టు కనిపించడం అప్పుడే ఎక్కువ. వృషభరాశి మేఘానికి ఇదే లెక్క ఫిబ్రవరి చివర, ఆగస్టు చివర వస్తుంది. రేడియోకు పగలూ రాత్రీ తేడా లేదు కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా చూడొచ్చు.

రెండుసార్లు చాలదు. నక్షత్రం తనంతట తాను కూడా కదులుతుంటుంది. దాని స్థానానికి రెండు అంకెలు, దాని సొంత కదలికకు రెండు, పారలాక్స్ ఒకటి, మొత్తం ఐదు తెలియనివి. ఒక్కో పరిశీలన రెండు అంకెలు ఇస్తుంది. కాబట్టి కనీసం మూడుసార్లు చూడాలి. నిజానికి అంతకన్నా ఎక్కువే చూస్తారు, ఎందుకంటే పిల్ల నక్షత్రాల్లో జంటలు ఎక్కువ. ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం వల్ల దారి వంకర పోతుంది. ఆ వంకరను విడదీయడం తలనొప్పే అయినా ప్రతిఫలం పెద్దది. కక్ష్య తెలిస్తే నక్షత్రాల బరువు నేరుగా తెలుస్తుంది. సర్పెన్స్‌లోని ఈసీ 95 అనే జంట విషయంలో అలాగే జరిగింది.

రేడియో కొలత మిగతావాటితో గొడవపడిన సందర్భం ఉందా?

ఉంది, అదీ మన కృత్తికల విషయంలో. అవి మేఘంలో ఉన్నవి కావు, వాటికి పది కోట్ల ఏళ్లకు పైనే వయసు. అయినా ఈ కథ చెప్పి తీరాలి.

1989లో ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహం కృత్తికల దూరం సుమారు 120 పార్సెక్‌లంది. అంతకుముందు నక్షత్రాల వెలుగును బట్టి వేసిన అంచనాలు 130కి పైనే ఉండేవి. హిప్పార్కస్ మాట నిజమైతే, నక్షత్రాలు ఎలా వెలుగుతాయన్న మన సిద్ధాంతంలోనే ఎక్కడో లోపం ఉందన్నమాట. ఏళ్ల తరబడి వాదన నడిచింది. 2014లో వీఎల్‌బీఏకు మరికొన్ని భారీ డిష్‌లు జోడించి, కృత్తికల్లో రేడియో తరంగాలు ఇచ్చే కొన్ని నక్షత్రాల పారలాక్స్ కొలిచారు. 136.2 పార్సెక్‌లు వచ్చింది, తప్పు 1.2 పార్సెక్‌లకు మించదన్నారు. తర్వాత గయా కూడా దాదాపు అదే చెప్పింది. సిద్ధాంతం నిలబడింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. పెద్ద ఉపగ్రహం చెప్పింది కదా అని ఎవరూ తలూపి ఊరుకోలేదు, వేరే దారిలో వెళ్లి మళ్లీ కొలిచారు.

ఇప్పటిదాకా కొలిచిన దూరాలు ఏమిటి?

మెక్సికోలో పనిచేసే లారాన్ లోనార్ ముందుండి నడిపిన గోబెలిన్స్ అనే సర్వేలో ఎక్కువ భాగం తేలాయి. ఓఫియూకస్ మేఘంలో ప్రధాన భాగం 137.3 పార్సెక్‌లు, అంటే దాదాపు 448 కాంతి సంవత్సరాలు. ఓరియన్‌ను 2007లో రెండు బృందాలు కొలిచాయి. ఒకే నక్షత్రాన్ని చూసినవాళ్లకు 389, నాలుగింటిని చూసినవాళ్లకు 414 వచ్చింది. 2017లో 388 అని తేల్చారు, తప్పు 5 పార్సెక్‌లు.

అన్నిటికన్నా ఆశ్చర్యం వృషభరాశి మేఘం. దానిలో ఒక భాగం 130 పార్సెక్‌ల దగ్గర ఉంటే, ఇంకో భాగం 160 దాటి ఉంది. అంతవరకు మేఘమంతటికీ 140 అని ఒకే అంకె వాడేవాళ్లు. అంటే ఆకాశంలో బల్లపరుపుగా కనిపించే మేఘానికి వంద కాంతి సంవత్సరాల లోతు ఉంది.

ఇంకా దూరంగా ఉన్నవి కొలవగలరా?

మేసర్లు ఉంటే కొలవగలరు. 2006లో డబ్ల్యూ3ఓహెచ్ అనే చోటుకు మిథనాల్ మేసర్లతో 1.95 కిలో పార్సెక్‌లు (కిలో పార్సెక్ అంటే వెయ్యి పార్సెక్‌లు) వచ్చింది. 2017లో పాలపుంత కేంద్రానికి అవతలివైపున ఉన్న ఒక నక్షత్ర జన్మస్థానాన్ని కొలిచారు. 20 కిలో పార్సెక్‌లు దాటింది, 66,000 కాంతి సంవత్సరాల పైమాటే. పాలపుంత చేతుల ఆకారం గీయడానికి ఇలాంటి కొలతలే ఆధారం.

పుణె దగ్గరున్న మన రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీతో ఈ పని ఎందుకు చేయరు?

నారాయణ్‌గావ్ దగ్గర 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. తక్కువ పౌనఃపున్యాల్లో ప్రపంచంలోనే మేటివాటిలో ఒకటి. కానీ అవి పరచుకున్నది 25 కిలోమీటర్లలోనే. 21 సెంటీమీటర్ల తరంగాల దగ్గర దాని సూక్ష్మదృష్టి దాదాపు రెండు ఆర్క్‌సెకన్లు. మనకు కావలసింది అందులో వెయ్యో వంతు. అది తక్కువది కాదు, వేరే పనికి కట్టింది.

మా మిద్దె మీద నుంచి ఏమైనా చేయొచ్చా?

పారలాక్స్ కుదరదు. కానీ అట్టపెట్టెకు అల్యూమినియం ఫాయిల్ అంటించి కొమ్ముబూర ఆకారంలో యాంటెన్నా చేసి, ఒక చిన్న యాంప్లిఫయర్, కంప్యూటర్‌కు తగిలించే ఎస్‌డీఆర్ డాంగిల్ (చిన్న రేడియో రిసీవర్) పెడితే, పాలపుంతలోని హైడ్రోజన్ పంపే 1,420 మెగాహెర్ట్జ్ తరంగాన్ని ఇంటి దగ్గరే పట్టుకోవచ్చు. ఆ పౌనఃపున్యాన్ని రేడియో ఖగోళశాస్త్రం కోసం ప్రపంచమంతటా కేటాయించి ఉంచారు కాబట్టి ఊరి మధ్యలో కూడా ఆశ ఉంటుంది. సెల్ టవర్ ఎదురుగా లేని మిద్దె చూసుకోండి. తరంగం పౌనఃపున్యం కాస్త అటో ఇటో జరగడాన్ని బట్టి ఆ వాయువు వేగం తెలుస్తుంది.

ఎంపీసీ చదువుతున్న మా అమ్మాయి ఇటువైపు వస్తానంటోంది. ఇంజినీరింగ్ మానేయాలా అండి?

మానక్కర్లేదండి. రేడియో ఖగోళశాస్త్రంలో సగం పని ఎలక్ట్రానిక్స్, సిగ్నల్ ప్రాసెసింగ్, కంప్యూటర్లదే. ఈసీఈ చేసి ఇటు వచ్చినవాళ్లు ఉన్నారు. ఫిజిక్స్ దారి కావాలంటే బీఎస్సీ చేసి, ఐఐటీ జామ్ రాసి ఎమ్మెస్సీకి, ఆ తర్వాత జెస్ట్ లాంటి పరీక్షలతో పుణెలోని జాతీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రానికో (ఎన్‌సీఆర్‌ఏ), బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థకో, భారత ఖగోళ భౌతిక సంస్థకో పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. మన పక్కన హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్ర విభాగం ఎప్పటినుంచో ఉంది. ర్యాంకుల హడావుడిలో అమ్మాయి ఆసక్తి చల్లారిపోకుండా చూసుకోండి. నెలకు ఒక ఆదివారం రాత్రి ఆకాశం చూడటానికి వదిలితే మార్కులేం తగ్గవు.

ఈ మేఘాలున్న చోట్లు మన దగ్గర ఎక్కడి నుంచి, ఎప్పుడు బాగా కనిపిస్తాయి?

బెంజి సర్కిల్ దగ్గర లైట్ల వెలుతురులో కష్టం. గుంటూరు వైపు వాళ్లకు కొండవీడు కొండల పరిసరాలు, తీరానికి వెళ్లగలిగితే సూర్యలంక మేలు. ఓరియన్, రోహిణి, కృత్తికలను డిసెంబరు నుంచి మార్చి దాకా సాయంత్రాలు చూడండి. మన అక్షాంశం దగ్గర ఓరియన్ నెబ్యులా దక్షిణాన 68 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది, దాదాపు నడినెత్తికి దగ్గరగా. జ్యేష్ఠ, దాని పక్కనున్న ఓఫియూకస్ మేఘం చోటు మే, జూన్ నెలల్లో రాత్రి తొమ్మిది దాటాక ఆగ్నేయంలో, పొద్దుపోయేకొద్దీ దక్షిణంవైపు కనిపిస్తాయి. వానలు మొదలయ్యాక మబ్బుల వల్ల కుదరదు కాబట్టి మే నెలలోనే చూసేయడం మంచిది. 7×50 బైనాక్యులర్స్ చాలు. అమావాస్యకు అటూ ఇటూ వారం రోజులు ఎంచుకోండి.